మజాలిమ్ పీఠం: మావర్దీ చెప్పినదీ, చెప్పక విడిచినదీ

ఇస్లామీయ పరిపాలనా విధానం గురించి రాసేవారిలో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. పాశ్చాత్య దేశాల్లో ఏదైనా మంచి వ్యవస్థ కంటబడగానే, అది ముస్లిముల దగ్గర ఎప్పుడో ఉన్నదేనని ఒక్క వాక్యంలో తేల్చివేసి ముందుకు సాగిపోతారు. ప్రభుత్వ శాఖల పనితీరును బయటినుంచి స్వతంత్రంగా పర్యవేక్షించే 'అంబుడ్స్‌మన్' పదవి విషయంలోనూ ఇదే జరుగుతూ వస్తోంది. అబ్బాసీల 'దీవానె మజాలిమ్' పేరు చెప్పడం, ఇమామ్ మావర్దీ గ్రంథాన్ని ప్రస్తావించడం, అంతటితో వాదన ముగిసినట్లు భావించడం పరిపాటి అయింది. గ్రంథాన్ని తెరచి ఆ అధ్యాయాన్ని చివరిదాకా చదివినవారు మాత్రం అరుదు. చదివితే గర్వపడవలసిన విషయాలు అనుకున్నదానికంటే ఎక్కువే కనిపిస్తాయి. ఇబ్బంది పెట్టే విషయం కూడా ఒకటి కనిపిస్తుంది. ఆ రెండోదాన్ని దాటవేయడం విద్యార్థి లక్షణం కాదు.

అబుల్ హసన్ అలీ బిన్ ముహమ్మద్ మావర్దీ (రహ్మ) 974లో బస్రాలో జన్మించారు; 1058లో బాగ్దాదులో మరణించారు. షాఫయీ ధర్మశాస్త్రవేత్త, ఖాజీ. ఖలీఫాలు ఖాదిర్, ఖాయిమ్ ఇద్దరి కొలువులోనూ గౌరవం పొందినవారు. ఆయన 'అల్ అహ్కామ్ అల్ సుల్తానియ్యా' ఇరవై అధ్యాయాల గ్రంథం. ఖలీఫా ఎన్నికతో మొదలై, మంత్రులు, సేనాపతులు, ఖాజీలు, జకాత్, ఖరాజ్, దీవాన్లు అన్నీ దాటి, చివరి అధ్యాయంలో 'హిస్బా'తో ముగుస్తుంది. మజాలిమ్ గురించినది ఏడో అధ్యాయం. ఆయన సమకాలికుడైన హంబలీ పండితుడు అబూ యాలా కూడా ఇదే పేరుతో మరో గ్రంథం రాశారు. కానీ లోకంలో నిలిచిన పేరు మావర్దీది.

ఈ అధ్యాయం ఎటువంటి రోజుల్లో రాయబడిందో గుర్తుంచుకోకుండా దీన్ని అర్థం చేసుకోవడం కష్టం. బాగ్దాదులో ఖలీఫా ఉన్నాడు గాని అధికారం బువైహీ అమీర్ల చేతిలో ఉంది. హిజ్రీ 429లో అమీర్ జలాలుద్దౌలా తనకు 'రాజాధిరాజు' అనే బిరుదు కావాలని కోరాడు. పలువురు పండితులు అందుకు అనుకూలంగా ఫత్వా ఇచ్చారు. అమీరుకు ఆప్తుడైన మావర్దీ మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. ఆ పైన రాకపోకలు మాని ఇంట్లో కూర్చున్నారు. తరువాత అమీరు పిలిపించి, ఇంత సాన్నిహిత్యం ఉండి కూడా వ్యతిరేకించావంటే అది సత్యం కోసమేనని తనకు తెలుసునని మెచ్చుకున్నాడట. మెచ్చుకున్న మాట నిజమే కావచ్చు, బిరుదు మాత్రం వదులుకోలేదు. మజాలిమ్ అధ్యాయాన్ని చదువుతున్నంతసేపూ ఈ ఘట్టం మనసులో మెదలుతూనే ఉంటుంది.

ఇక అధ్యాయం. మజాలిమ్ అంటే అన్యాయాలు, అక్రమంగా లాక్కోబడినవి. ఆ పీఠంపై కూర్చునేవాడు పలుకుబడి గలవాడై, మాట చెల్లుబాటయ్యేవాడై, చూస్తే భయం కలిగించేవాడై, నిష్కళంకుడై, ఆశ తక్కువవాడై, దైవభీతి ఎక్కువవాడై ఉండాలంటారు మావర్దీ. రక్షకభటుల దాపు, ఖాజీల నిలకడ రెండూ ఒకేచోట కలిసినవాడన్న మాట. అతని సభలో ఐదు వర్గాలవారు తప్పనిసరి: బలవంతుణ్ణి లాక్కురావడానికి భటులు, విధివిధానం చెప్పడానికి ఖాజీలు, సందేహం తీర్చడానికి ధర్మశాస్త్రవేత్తలు, జరిగినది జరిగినట్లు రాయడానికి కాతిబులు, తీర్పుకు సాక్షులు. వీరిలో ఏ ఒక్క వర్గం లేకపోయినా సభ సాగదు. అధికారి ఒంటరిగా గదిలో కూర్చుని ఎవరికీ తెలియకుండా ఏదో తేల్చేసే అవకాశం ఇందులో లేదు. ఇది చిన్న విషయం కాదు.

ఈ పీఠం చేయవలసిన పనులను మావర్దీ పదిగా విభజించారు. వాటిలో మొదటి మూడింటి దగ్గరే అసలు సంగతి ఉంది. మొదటిది, ప్రజలపై పాలకుల దౌర్జన్యం. రెండోది, పన్ను వసూలుదారులు న్యాయంగా రావలసినదానికంటే ఎక్కువ రాబట్టడం. మూడోది, దీవాన్లలో పనిచేసే కాతిబుల పని. కాతిబులంటే నేటి భాషలో కార్యాలయ గుమాస్తాలు, లెక్కలు రాసేవారు. ముస్లిముల సొమ్ము విషయంలో వారు ధర్మకర్తలవంటివారని, వచ్చినదీ పోయినదీ వారు సరిగ్గా రాస్తున్నారో లేదో మజాలిమ్ అధికారి చూడాలని మావర్దీ అంటారు. ఆ వెంటనే ఒక నియమం చెబుతారు: ఈ మూడు విషయాల్లో ఫిర్యాదీ కోసం ఎదురుచూడనక్కరలేదు. ఎవరూ తలుపు తట్టకపోయినా అధికారి తానై వెళ్ళి చూడాలి.

పదకొండో శతాబ్దపు గ్రంథంలో ఈ మాట ఎంత విలువైనదో ఒక్కసారి ఆలోచించాలి. పన్ను ఎక్కువ కట్టిన రైతుకు తాను ఎక్కువ కట్టానన్న సంగతే తెలియకపోవచ్చు. తెలిసినా రాజధానికి వెళ్ళే దారిఖర్చు ఉండదు. వెళ్ళి వచ్చేసరికి ఆ వసూలుదారే ఊరి పొలిమేరలో ఎదురవుతాడు. ఇక గుమాస్తా రాసిన దొంగలెక్క వల్ల నష్టపోయినవాడు ఎవరు? ప్రజలందరూ, అంటే ప్రత్యేకంగా ఎవరూ కాదు. ఫిర్యాదు వస్తేనే విచారణ అనే పద్ధతిలో ఈ రకం అన్యాయం ఎప్పటికీ వెలుగులోకి రాదు. నాలుగో అంశం సైనికులకు, జీతగాళ్ళకు జీతం తగ్గించడం లేదా ఆలస్యం చేయడం. అది వారి ఫిర్యాదుపై ఆధారపడుతుంది. ఎందుకంటే జీతం రానివాడికి ఆ సంగతి తెలుసు, అడగగలడు. ఎక్కడ ఫిర్యాదు కావాలో, ఎక్కడ అక్కరలేదో వేరుచేసిన ఈ తూకం వెనుక కార్యాలయాల లోపలి సంగతి బాగా ఎరిగిన మనిషి ఉన్నాడు.

రాజదర్బారుల ఘంటల కథలతో పోల్చి చూస్తే మావర్దీ ఎంత ముందున్నారో తెలుస్తుంది. ఢిల్లీలో సుల్తాన్ ఇల్‌తుత్‌మిష్ అన్యాయానికి గురైనవారు రంగుబట్టలు ధరించాలని ఆజ్ఞాపించాడని, తన కోటద్వారం వద్ద పాలరాతి సింహాలకు గంటలు కట్టించాడని ఇబ్నె బతూతా రాశాడు. జహాంగీర్ సింహాసనం ఎక్కగానే అరవై గంటలు గల బంగారు గొలుసు వేలాడదీయించాడు. ఈ కథలు పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. కానీ ఆ గొలుసు దాకా రాగలిగినవాడికే న్యాయం. రాలేనివాడి ఊరికి గొలుసు నడచి వెళ్ళదు. మావర్దీ అధికారి మాత్రం దీవాను తలుపు తానే తెరిచి లెక్కపుస్తకం అడుగుతాడు.

దీనికి ప్రాతిపదిక మావర్దీ కాలానికి చాలా ముందే పడింది. ప్రవక్త పదవికి పూర్వం మక్కాలో అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో జరిగిన 'హిల్ఫుల్ ఫుజూల్' ఒడంబడికను మావర్దీ ఈ అధ్యాయంలోనే ప్రస్తావించారు. యమన్‌కు చెందిన ఒక పరదేశి సరుకును మక్కా పెద్దమనిషి తీసుకుని సొమ్ము ఎగవేస్తే, పీడితుడి పక్షాన నిలుస్తామని ఖురైషుల్లో కొందరు ప్రమాణం చేశారు. దైవప్రవక్త (స) యువకుడిగా అందులో పాల్గొన్నారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) తన గవర్నర్ల ఆస్తులను నియామక సమయంలోనే రాయించి ఉంచేవారు. కూఫా ప్రజలు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)పై ఫిర్యాదు చేసినప్పుడు జరిగిన విచారణ బుఖారీ గ్రంథంలో నమోదై ఉంది. విచారణకు వెళ్ళినవారు కూఫాలో మసీదు మసీదుకూ తిరిగి అందరి ఎదుటా అడిగారు. అందరూ మెచ్చుకున్నారు. బనూ అబ్స్ మసీదులో ఒక్క మనిషి లేచి ఆరోపణ చేశాడు. ఆ ఆరోపణ అబద్ధమని సంప్రదాయం చెబుతుంది. అయినా ఉమర్ (రజి) సఅద్ (రజి)ని ఆ పదవిలో ఉంచలేదు. అసమర్థత వల్లగాని నమ్మకద్రోహం వల్లగాని తొలగించలేదని మరణశయ్యపై స్పష్టం చేశారు. గవర్నరు మంచివాడా చెడ్డవాడా అనేది ఇక్కడ ముఖ్యం కాదు. విచారణ బహిరంగంగా, గవర్నరు పలుకుబడి ఉన్న ఊళ్ళోనే జరిగింది. ఆ తరువాత మచ్చ పడకుండా అతని గౌరవమూ కాపాడబడింది. దర్యాప్తు చేసినవారికీ, గవర్నరుకూ మధ్య మొహమాటం అడ్డు రాలేదు.

ఇంతవరకూ మెచ్చుకోవలసిందే. ఇక విడిచిపెట్టిన మాట దగ్గరకు రావాలి.

పాలకులపై, వసూలుదారులపై, గుమాస్తాలపై నిఘా వేసే ఈ అధికారిని ఎవరు నియమిస్తారు? ఖలీఫా, లేక ఖలీఫా అధికారం అప్పగించిన మంత్రి లేదా అమీరు. ఎవరు తొలగిస్తారు? నియమించినవారే. ఖాజీలను గురించిన అధ్యాయంలో మావర్దీ ఈ సంగతి దాచలేదు. నియమించినవాడు ఖాజీని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసివేయవచ్చునని, అయితే తగిన కారణం లేకుండా తీసివేయకపోవడమే ఉత్తమమని చెప్పారు. 'ఉత్తమం' అన్న ఈ ఒక్క మాటపై మొత్తం భవనం నిలబడి ఉంది. ఉత్తమం అనేది హితవు. హితవు వినే పాలకుడికి అది చట్టంతో సమానం. వినని పాలకుడికి గాలిమాట. పన్ను ఎక్కువ వసూలైతే దాన్ని తిరిగి ఇప్పించాలని ఇంత స్పష్టంగా విధి విధించిన కలం, ఆ విధి నిర్వహించినందుకు పదవి పోగొట్టుకునేవాడికి ఏ రక్షణా రాయలేదు.

అదే అధ్యాయంలో మరో వాక్యం ఉంది. ఇమామ్ మరణించినంత మాత్రాన అతను నియమించిన ఖాజీల పదవి పోదు. అంటే ఖాజీ పాలకుడి సొంత మనిషి కాదు, ముస్లిం సమాజానికి చెందిన అధికారి అన్న భావం ఇందులో బీజప్రాయంగా ఉంది. చచ్చిన పాలకుడి నుంచి దొరికిన ఈ రక్షణ బతికున్న పాలకుడి నుంచి ఎందుకు దొరకకూడదన్న ప్రశ్న సహజంగా తలెత్తుతుంది. మావర్దీ ఆ మెట్టు ఎక్కలేదు.

మామూన్ ఖలీఫా కథను ఈ దృష్టితో మళ్ళీ చదవాలి. ఆదివారం మజాలిమ్ సభలో ఒక స్త్రీ లేచి, తన భూమిని లాక్కున్నవాడు ఖలీఫా పక్కన నిలబడి ఉన్నాడని, అతని కొడుకు అబ్బాస్ వైపు వేలు చూపింది. ఖాజీ యహ్యా బిన్ అక్సమ్‌ను (కొందరి కథనంలో మంత్రిని) విచారించమని మామూన్ ఆజ్ఞాపించాడు. ఆమె గొంతు పెరుగుతుంటే ద్వారపాలకుడు గద్దించాడు. ఆమెను మాట్లాడనివ్వమని, సత్యమే ఆమెకు నోరిచ్చిందని, అసత్యం అతని నోరు మూయించిందని మామూన్ అన్నాడట. భూమి ఆమెకు తిరిగి వచ్చింది. ఉపన్యాసాల్లో ఈ కథ ఇక్కడే ఆగుతుంది. మావర్దీ మాత్రం ఆగలేదు. మామూన్ తానే ఎందుకు తీర్పు చెప్పలేదని అడిగి, ఒక కారణంగా, కొడుక్కి అనుకూలంగా తీర్పు చెప్పే హక్కు తండ్రికి లేదని వివరించారు. తీర్పు మరొకరిది, అమలు మామూన్‌ది. స్వార్థం కలిసే చోట న్యాయాధికారి తప్పుకోవాలన్న సూత్రాన్ని ఆయన ఇంత చక్కగా పట్టుకున్నారు. అయితే కొడుకు విషయంలో చెల్లే ఈ సూత్రం ఖలీఫా సొంత విషయంలో ఏమవుతుంది? తానే ముద్దాయి అయినప్పుడు ఖాజీని నియమించేది ఎవరు, తీర్పును అమలు జరిపేది ఎవరు? ఆ స్త్రీ అదృష్టం, ముద్దాయి కొడుకు అయ్యాడు.

చరిత్రలో ఈ లోపం ఎంత ఖరీదైనదో మావర్దీకి తెలియనిది కాదు. మజాలిమ్ సభలో స్వయంగా కూర్చున్న ఖలీఫాల పట్టిక ఆయనే ఇచ్చారు. అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ ఇందుకోసం ఒక రోజు కేటాయించడం, ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) తన వంశంవారు ఆక్రమించుకున్న ఆస్తులను తిరిగి ఇప్పించడం, ఆ తరువాత మహ్దీ, హాదీ, రషీద్, మామూన్, చివరిగా ముహ్తదీ. ముహ్తదీని 870లో తురుష్క సైనికులు హతమార్చారు. మావర్దీ మరణించింది 1058లో. అంటే ఆయన ఇచ్చిన పట్టిక ఆయన పుట్టకముందే నూరేళ్ళ క్రితం ఆగిపోయింది. ఈ నడిమి కాలంలో మజాలిమ్ పూర్తిగా మూతపడలేదు. ఖలీఫా ముఖ్తదిర్ తల్లి ఆజ్ఞపై 918లో సుమల్ అనే అంతఃపుర ఉద్యోగిని రుసాఫాలో ఈ సభ నిర్వహించింది. మొదట జనం ఇష్టపడకపోయినా, ఒక ఖాజీ వచ్చి పక్కన కూర్చున్నాక పని సాగింది. సభకు మనుషులు దొరుకుతూనే ఉన్నారు. పీఠం వెనుక నిలబడవలసిన అధికారమే చెదిరిపోయింది. కాబట్టి ఏడో అధ్యాయం ఉన్నదాని వర్ణన కాదు, ఉండవలసినదాని చిత్రం. ఉన్నదాన్ని వర్ణించినట్లుగా ఉటంకించేవారు గ్రంథకర్తకు అన్యాయం చేస్తున్నారు.

స్వీడన్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. పోల్టావా యుద్ధంలో 1709లో ఓడిన స్వీడన్ రాజు పన్నెండో ఛార్లెస్ ఉస్మానియా రాజ్యంలో కొన్నేళ్ళు తలదాచుకున్నాడు. అక్కడినుంచే 1713 అక్టోబరులో ఒక ఉత్తరువు పంపి, తాను లేని స్వదేశంలో అధికారులు చట్టం ప్రకారం నడుచుకుంటున్నారో లేదో చూసే ఉన్నత పదవిని సృష్టించాడు. ఇది తురుష్కుల ఖాజీ వ్యవస్థను చూసి నేర్చుకున్నదేనని కొందరు ధీమాగా రాస్తారు. ఉత్తరువు వెలువడిన చోటు నిజం, తేదీ నిజం. చూసి నేర్చుకున్నాడనేది మాత్రం ఊహ. పైగా ఆ ఊహ నిజమైనా వాదనకు బలం చేకూరదు. 1713 నాటి పదవి రాజు మనిషిది, రాజు కన్నుగా పనిచేసేది. నేడు ప్రపంచం అనుకరిస్తున్న అంబుడ్స్‌మన్ 1809 నాటి స్వీడన్ రాజ్యాంగంలో పుట్టింది. ఆ అధికారిని ఎన్నుకునేది పార్లమెంటు, రాజు కాదు. తొలి అధికారి మానర్‌హైమ్ 1810లో ఎన్నికయ్యాడు. ఈ రెండింటి మధ్య ఉన్న తొంభై ఆరేళ్ళ దూరమే మావర్దీ ఎక్కని మెట్టు. వారసత్వం చాటుకోవాలనుకునేవారు 1713తో బంధుత్వం కలుపుకుని, 1809ని మరచిపోతున్నారు.

పేరు పెట్టడంలోనూ తొందరపాటు కనిపిస్తుంది. పాకిస్తానులో 1983లో అధ్యక్షుని ఉత్తరువు ద్వారా కేంద్ర ప్రభుత్వ శాఖలపై ఫిర్యాదులు వినే అధికారిని నియమించి 'వఫాఖీ మొహతసిబ్' అని పేరు పెట్టారు. మావర్దీ విభజన ప్రకారం మొహతసిబ్ బజారులో తూనికలు, కొలతలు, బాహాటంగా జరిగే తప్పులు చూసేవాడు. అధికారులను నిలదీసేది మజాలిమ్ పీఠం. మొహతసిబ్ చేతకాక వదిలినదాన్ని అమలు జరపడం కూడా మజాలిమ్ పనుల్లో ఒకటిగా ఆయన లెక్కించారు. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆ ఉత్తరువులో మెచ్చదగిన నిబంధన ఒకటి ఉంది. పదవీకాలం నాలుగేళ్ళు, పొడిగింపు లేదు, తిరిగి నియామకం లేదు. మళ్ళీ పదవి కోసం ఎవరి మొహం చూడనక్కరలేదన్న మాట. అయితే మొహతసిబ్ నిర్ణయం నచ్చనివారు, ప్రభుత్వ శాఖతో సహా, అధ్యక్షుడికే విన్నవించుకోవచ్చు. దారి తిరిగి తిరిగి పాలకుడి గుమ్మం ముందుకే వచ్చింది.

భారతదేశంలో లెక్కల తనిఖీకి ఉన్న కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి, మావర్దీ చెప్పిన మూడో అంశానికి దగ్గరి చుట్టం. రాజ్యాంగం 148వ అధికరణం ప్రకారం అతన్ని సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించడానికి వీల్లేదు. పదవి దిగాక ప్రభుత్వంలో మరో ఉద్యోగానికి అర్హుడు కాడు. 'ఉత్తమం' స్థానంలో 'వీల్లేదు' వచ్చింది. కాని మావర్దీ అధికారికి ఉన్న భటులు ఇతనికి లేరు. నివేదిక రాసి పంపడంతో ఇతని పని పూర్తవుతుంది. ఎక్కువ రాబట్టిన సొమ్మును చేతిలో పెట్టి పంపించే అధికారం లేదు. లోకాయుక్త చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే వచ్చింది. ఆయన నివేదిక కూడా సిఫారసుగానే సంబంధిత అధికారికి చేరుతుంది. కేంద్రంలో లోక్‌పాల్ బిల్లు తొలిసారి 1968లో ప్రవేశపెట్టబడి, చట్టంగా 2014 జనవరిలో అమలులోకి వచ్చింది. తొలి లోక్‌పాల్ నియామకం జరిగింది 2019 మార్చిలో. ఐదేళ్ళపాటు చట్టం ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు లోకాయుక్తలు రావడం కూడా 2019లోనే. నియమించవలసినవాడు నియమించకపోతే ఏం చేయాలన్నది మావర్దీ రాయలేదని నిందించేవారు, వెయ్యేళ్ళ తరువాత రాసినవారు కూడా రాయలేదని గమనించాలి.

ఈ అధ్యాయంలో తెలుగు ప్రాంతపు ముస్లిములకు అన్నిటికంటే దగ్గరగా తగిలేది ఆరో అంశం. వక్ఫ్ ఆస్తుల పర్యవేక్షణను మావర్దీ మజాలిమ్ పీఠానికి అప్పగించారు. ఫలానా వ్యక్తుల కోసం చేసిన వక్ఫ్ అయితే, వారిలో ఒకరు వచ్చి ఫిర్యాదు చేయాలి. ప్రజలందరి మేలు కోసం చేసిన వక్ఫ్ అయితే ఎవరూ రానక్కరలేదు. రాసిన షరతుల ప్రకారం ఆదాయం ఖర్చవుతోందో లేదో అధికారి తానే చూడాలి. వక్ఫ్ ఫలానాదని తెలిసే దారులు మూడు చెప్పారు: ఖాజీల దఫ్తరుల్లోని రికార్డు, ప్రభుత్వ దీవాన్లలోని రికార్డు, నమ్మదగినవిగా తోచే పాత పత్రాలు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని ఆధారంగానైనా, పత్రాలకు సాక్షులు బతికి లేకపోయినా, అధికారి చర్య తీసుకోవచ్చు. ఎందుకంటే ఇక్కడ ప్రతివాదిగా నిలిచే ఫలానా మనిషంటూ లేడు.

హైదరాబాదు ప్రాంతంలో నిజాం కాలపు ముంతఖబ్‌లు చేతిలో పట్టుకుని కచేరీల చుట్టూ తిరిగిన ముతవల్లీలకు ఈ మూడు దారుల విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ ముతవల్లీల లెక్కలు ఎన్నడూ అడగని జమాతులకు మాత్రం ఈ పేజీ గట్టిగా చదివి వినిపించాలి. మజాలిమ్ పీఠం ఖలీఫాదని, సుల్తానుదని చెప్పి తప్పించుకోవడం వారికి సులభం. కానీ దర్గా దుకాణాల అద్దె రసీదు పుస్తకం జుమా నమాజు తరువాత బయటపెట్టమని అడగడానికి ఏ సుల్తాను ఫర్మానా అక్కరలేదు. మావర్దీ గ్రంథాన్ని సభల్లో ఉటంకించే పెద్దల్లో ఎందరు తమ మసీదు కమిటీలో ఆ పుస్తకం అడిగారో, అడిగినప్పుడు ఎందరికి అది దొరికిందో ఆయా జమాతులవారికే తెలుసు.